బ్రేకు వెయ్యని మలుపు

రాత్రి తొమ్మిది దాటాక విస్సన్నపేట రోడ్డులో పేట మలుపు దగ్గర ఎవరూ బ్రేకు వెయ్యరు. తిరువూరులో ఏ ఆటోవాణ్ణి అడిగినా చెప్తాడు — అక్కడ రాయప్ప ఉంటాడు. తెల్లబట్టల్లో, డివైడర్ పక్కన, చెయ్యి చాపి… బండి ఆపావా, ఎక్కి కూర్చుంటాడు. ఇక ఆ బండి ఇంటికి చేరదు.

ఈ మాట పుట్టి రెండేళ్లే అయింది. రోడ్డు వెడల్పు చేశాకే పుట్టింది.

అంతకుముందు అక్కడ రోడ్డు వారగా మట్టిదారి ఉండేది. పేటవాళ్లు దానిమీదే నడిచేవాళ్లు, సైకిళ్లు తొక్కేవాళ్లు. కొత్త రోడ్డు ఆ దారిని మింగేసింది. తెల్లగీత దాటితే ఇనప కంచె, కంచె అవతల కాలవ. మధ్యలో మోకాలెత్తు డివైడర్ — కిలోమీటరు పొడుగునా ఎక్కడా సందు లేదు. బస్సు దిగేది ఇటు, ఇళ్లు అటు. లైటు లేదు.

రాయప్ప మామిడి యార్డులో వాచ్‌మన్. ఓ రాత్రి సైకిలు ఎత్తి డివైడర్ దాటిస్తుంటే లారీ కొట్టింది.

నెల తిరక్కముందే అతని భార్య హన్నమ్మ ఆ రోడ్డు వేయించిన ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. ఆ యార్డుకి కాయలు వేసే తోట మాది; రాయప్ప తెలిసినవాడని తోడు నేనూ వెళ్లాను.

"అయ్యా, మేం దాటడానికి కాస్త సందివ్వండి. ఒక లైటు. బండ్లు నెమ్మదించేట్టు ఏదన్నా…"

ఆయన మర్యాదగానే కుర్చీ చూపించాడు. డ్రాయింగు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"చూడమ్మా. బండ్లు ఎనభైలో పోవడానికి గీసిన మలుపిది. ఇందులో నడిచేవాళ్లు లేరు."

హన్నమ్మ ఆ కాయితం మీదికి వంగి చాలాసేపు చూసింది.

"నిజమేనండి," అంది. "మేం లేము."

తర్వాత ఆమె అదే యార్డులో కాయలు ఏరే పనికి చేరింది.

ఇక గిరిబాబు సంగతి. అతనిది ట్రాలీ ఆటో. రెడ్డిగూడెంలో నా తోట కాయలు తిరువూరు యార్డుకి వేసేది అతనే. మొన్న మే నెలలో, ఓ శుక్రవారం రాత్రి, లోడుతో వస్తున్నాడు. పక్కన బావమరిది వంశీకృష్ణ. పది కావస్తోంది.

మలుపు తిరిగాడు. లైటు వెలుగు డివైడర్ మీద పడింది —

తెల్లగా… ఏదో.

కూర్చుని ఉంది. కాదు… లేవబోతోంది. చెయ్యి పైకెత్తింది.

గిరిబాబు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. బండి నెమ్మదించింది. ఆ తెల్లటిది డివైడర్ పట్టుకుని ముందుకి జరిగింది… నోరు తెరిచింది…

వంశీకృష్ణ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బావా… ఆపకు. నీకు దణ్ణం పెడతాను, ఆపకు."

గిరిబాబు బండి లాగించాడు. కొంచెం దూరం పోయాక అద్దంలో చూశాడు. ఆ చెయ్యి ఇంకా లేచే ఉంది.

తెల్లారి బస్టాండు ఎదుట టీ కొట్టులో ఇదంతా చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. చుట్టూ జనం మూగారు.

"నేనూ చూశాను!" అన్నాడు ఒక కారు డ్రైవరు. "పదకొండున్నరకి. కూర్చుని లేదు, పడుకుని ఉంది. చెయ్యి మాత్రం ఊపుతోంది."

"ఒంటిగంటకి రోడ్డు మీదికి పాకొచ్చింది," అన్నాడు ఇటుకల ట్రాక్టరతను. "పక్కనించి తప్పించుకుని పోయా."

పాలవ్యాను అతను గొంతు తగ్గించాడు. "మూడున్నరకి నాకు వేళ్లే కనిపించాయి… కదుల్తున్నాయి."

ఎవరో నవ్వారు. ఇంకో నాలుగు టీలు చెప్పారు.

అప్పుడొచ్చాడు డానీ — రాయప్ప కొడుకు, సెల్ షాపులో పని.

"మా అమ్మ రాత్రి ఇంటికి రాలేదండి. తొమ్మిదిన్నరకే మలుపులో దిగిందంటున్నాడు కండక్టరు. ఉపవాస ప్రార్థనకి వెళ్లింది… తెల్లచీర కట్టుకుని. ఎవరికన్నా కనిపించిందా?"

గ్లాసు పెట్టేసి ముందుగా లేచింది పాలవ్యాను అతనే.

మేం వెళ్లేసరికి ఈగలు ముసురుతున్నాయి. ఏ బండి కొట్టిందో ఇప్పటికీ తెలియదు. తొడ ఎముక విరిగింది. అంతకు మించి దెబ్బ లేదు. రక్తం పోయి పోయి, నాలుగింటి ప్రాంతంలో ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. పదింటికి తెచ్చుంటే బతికేదని మేం అడక్కుండానే చెప్పాడు.

సమాధి చేసి వచ్చాక డానీ గిరిబాబుని ఒక్కటే అడిగాడు.

"అన్నా… అమ్మ ఏమన్నా అందా?"

"లేదు తమ్ముడూ. ఏదో మూలుగు. అంతే."

వానలు వెళ్లాక ఆ మలుపులో ఒక లైటు స్తంభం పాతారు. కరెంటు ఇంకా ఇవ్వలేదు. డివైడర్ని మాత్రం, ఎవరూ ఎక్కకుండా, ఇంకో అడుగు ఎత్తు పెంచారు.

మొన్న గిరిబాబు మా ఇంటికొచ్చాడు. బండి అమ్మేశానన్నాడు. చిక్కి సగమయ్యాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అది మూలుగు కాదండి," అన్నాడు.

"మరి?"

"'గిరీ… నేనయ్యా, హన్నమ్మని' అంది. స్పష్టంగా. వంశీ కూడా విన్నాడు. దెయ్యాలు తెలిసిన గొంతుతోనే పిలుస్తాయి బావా, అన్నాడు."

"నువ్వు నమ్మావా?"

అతను నావైపు చూడలేదు.

"లేదండి. లైటు వెలుగులో రక్తం చూశాను. మనిషేనని తెలుసు, ఎవరో కూడా తెలుసు. ఎక్కించుకుంటే కేసు నా మెడకి చుట్టుకుంటుందని…"

మెట్టు దిగబోయి వెనక్కి తిరిగాడు.

"అందుకే పొద్దున్నే టీ కొట్టుకి పరిగెత్తానండి. అందరికంటే ముందు నేనే దెయ్యం అన్నాను."