అమ్మోయ్, తలుపు తియ్యవే

సందె చీకటి పడుతోంది. ప్రసన్నకుమారి పొయ్యి మీద చారు పెట్టి కరివేపాకు దూస్తోంది. గేటు గడియ చప్పుడైంది... ఆ వెనకే గొంతు.

"అమ్మోయ్! తలుపు తియ్యవే, కాళ్ళు పీకేస్తున్నాయి."

చేతిలోని రెబ్బ జారిపోయింది. విజయ్ పాల్! తన కొడుకు! కాలేజీకి వెళ్ళే రోజుల్లో భీమవరం బస్సు దిగి వచ్చి, తలుపు దగ్గరగా వేసి ఉన్నా తోసుకుని రాకుండా, అరుగు మీద నిలబడి అచ్చం అలాగే కేకేసేవాడు... ఎన్ని తిట్లు తిట్టినా సరే, తలుపు మాత్రం అమ్మే తీయాలి వాడికి! చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నా చూసుకోకుండా ఆ తల్లి పరిగెత్తింది. వాడు లేడని, వాడి పెట్టె మీద తన చేత్తోనే గుప్పెడు మట్టి వేసిందని ఆ క్షణంలో గుర్తుంటే కదా! నవ్వుతూనే తలుపు తీసింది.

ఎదురుగా కోడలు నిల్మిణి. భుజాన సంచి, చెమట పట్టిన ముఖం. అత్తగారి ముఖంలో నవ్వు ఆరిపోవడం చూసి ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది.

"ఈ ఇంట్లో ఇంకెప్పుడూ తెలుగు మాట్లాడకు," అంది ప్రసన్నకుమారి. తలుపు అలాగే వదిలేసి వెళ్ళి, వంటింటి గోడకు ఆనుకుని కూర్చుని కుళ్ళికుళ్ళి ఏడ్చింది. చారు పొంగి పొయ్యి ఆరిపోయింది.

తెలుగింట్లో తెలుగు మాట్లాడొద్దనడం ఏమిటి, ఇదేం అత్తగారమ్మా అని మీరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. కాస్త ఆగండి. ఆ కడుపుకోత ఎలాంటిదో విన్నాక తిట్టాలనిపిస్తే అప్పుడే తిడుదురుగాని.

ప్రసన్నకుమారిది పాలకొల్లు. అక్కడి మిషన్ స్కూల్లోనే ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి రిటైరైంది. భర్త అబ్రహాము గారు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి ఇంట్లో కూర్చున్న మనిషి, నోట్లో నాలుక లేనివాడు. ఒక్కగానొక్క కొడుకు విజయ్ పాల్. తల్లిలాగే లెక్కల మాస్టారయ్యాడు. మాల్దీవుల్లో ఏదో చిన్న దీవిలో స్కూలు ఉద్యోగం వస్తే వెళ్ళాడు. అదే స్కూల్లో పనిచేస్తోంది నిల్మిణి. శ్రీలంక పిల్ల. అక్కడి టీచర్ల కాలేజీలో మూడేళ్ళు చదివి, పాఠం చెప్పడంలో మంచి పేరు తెచ్చుకున్న పిల్ల. ఇద్దరూ ఇష్టపడ్డారు. పెళ్ళి పాలకొల్లు చర్చిలోనే జరిగింది. ఫిన్నీ పుట్టింది. సెలవులకు వచ్చినప్పుడు నిల్మిణి అత్తగారి పక్కన కూర్చుని సిగ్గుపడుతూ నవ్వేదే తప్ప పెద్దగా మాట్లాడేది కాదు.

ఆ దీవిలో ఇంకో తెలుగు మనిషి లేడు. పుస్తకం లేదు, టీవీలో సీరియల్ రాదు. నిల్మిణి తెలుగంతా సాయంత్రాలు సముద్రం ఒడ్డున భర్త దగ్గర నేర్చుకున్నదే. వాడు విసుక్కుంటే అది, వాడు వేళాకోళమాడితే అది, వాడు పులుసు లొట్టలేసుకుంటూ తింటే అది... మాటే కాదు, ఆ సాగదీత, ఆ విరుపు, మధ్యలో చిన్న దగ్గు కూడా ఆ పిల్ల నోటికి అంటుకుపోయాయి. అది తప్పా? భర్త నోటి మాట పెళ్ళాం నోటికి అంటుకోవడం తప్పెలా అవుతుందమ్మా!

రెండేళ్ళ క్రితం ఒక ఉదయం విజయ్ పాల్ బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ కుప్పకూలిపోయాడు. పాలకొల్లు తీసుకొచ్చి ఇక్కడి మట్టిలోనే పడుకోబెట్టారు. నిల్మిణి అన్నగారు వచ్చి మా ఊరు పోదాం రమ్మన్నాడు. మా ఆయన ఇక్కడున్నాడు, నేనూ ఇక్కడే ఉంటానంది ఆ పిల్ల. పాఠం చెప్పడం తప్ప ఇంకో పని రాదు. అక్కడి చదువు ఇక్కడ చెల్లదు, మళ్ళీ బీఈడీ చేయాలన్నారు. తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుంది. అన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషికి సుద్దముక్క ఎలా పట్టుకోవాలో నేర్పుతుంటే తల వంచుకుని రాసుకుంది!

మొదట్లో దుఃఖంతో నోరు విప్పేది కాదు, విప్పినా రెండు ఇంగ్లీషు ముక్కలు. కాలేజీలో చేరాకే లోపల దాగిన తెలుగంతా బయటికి రావడం మొదలుపెట్టింది. పాస్టరు గారు భోజనానికి వచ్చిన రోజున పులుసు నోట్లో పెట్టుకుని, తొడ మీద చరిచి, "తస్సాదియ్యా, అదిరిందండోయ్," అనేసింది. పాస్టరు గారికి పొలమారింది. అబ్రహాము గారు కొడుకు పోయాక మొదటిసారి పగలబడి నవ్వారు. ప్రసన్నకుమారి మాత్రం కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ చరుపు వాడిది... ఆ 'సా' దగ్గర సాగదీత వాడిది... చనిపోయిన బిడ్డ రోజూ ఎవరి నోట్లోంచో పలుకుతుంటే ఏ తల్లి గుండె తట్టుకుంటుంది? గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వాడు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే పక్కన వాడు. కళ్ళు తెరిస్తే లేడు! చివరికి ఆ సాయంత్రం, సెలవులకు వచ్చినప్పుడల్లా వాడు వేస్తే ఆ పిల్ల విన్న ఆ కేక... అందుకే అనేసింది, తెలుగు మాట్లాడొద్దని.

నిల్మిణి ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పు కావాలన్నా ఇంగ్లీషే, లేదా సైగ. ఫిన్నీ ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తూ తిరిగేది. గొంతు ఆగిపోతే మనసు కుదుటపడుతుందనుకుంది ప్రసన్నకుమారి. ఎక్కడ కుదుటపడింది! ఇల్లు మరీ బావురుమంది. గేటు చప్పుడైతే చాలు, చేతిలో పని ఆగిపోయేది. ఇంకేదైనా వినపడుతుందేమోనని చెవులు అటే పడి ఉండేవి. వినపడేది కాదు. వినపడనందుకు కూడా ఏడుపొచ్చేది!

ఒకనాటి మధ్యాహ్నం, ఎన్నడూ నోరెత్తని అబ్రహాము గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "నీకు వినలేనంత బాధ, ఒప్పుకుంటాను ప్రసన్నా. నాకేమో ఆ గొంతు విన్న పూటే అన్నం సయించేది. నన్ను అడక్కుండా నా చెవులు కూడా మూసేశావు." నిజమే కదా అనిపించింది ప్రసన్నకుమారికి. ఇన్నాళ్ళూ కొడుకు పోయింది తనకొక్కదానికే అన్నట్టు ఏడ్చింది మరి.

ఈలోగా నిల్మిణికి ట్రైనింగులో భాగంగా స్కూల్లో పాఠాలు చెప్పే నెల వచ్చింది. వేసింది ఎక్కడో కాదు, ప్రసన్నకుమారి పనిచేసిన ఆ మిషన్ స్కూలుకే. ఆరో తరగతి, లెక్కలు. ఒట్టి ఇంగ్లీషులో చెబితే పిల్లలకు అర్థం కాదు, తెలుగులో చెబితే పకపకా నవ్వులు. టీచరమ్మ 'ఎహే', 'తస్సాదియ్యా' అంటే నవ్వరూ! కాలేజీ నుంచి పాఠం చూడటానికి వచ్చిన లెక్చరరు మొహం మాడ్చుకున్నాడు. ఇది క్లాసులో మాట్లాడే తెలుగు కాదు, కాలవ గట్టు మీద కుర్రాళ్ళ తెలుగు. ఆఖరి పాఠం కూడా ఇలాగే ఉంటే ఫెయిలేనని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం నిల్మిణి అత్తగారి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఫెయిలైతే ఫిన్నీని తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతానని, అక్కడైతే తను టీచరేనని, ఎన్నాళ్ళని మీ మీద పడి తింటానని ఇంగ్లీషులోనే మెల్లగా చెప్పింది. ప్రసన్నకుమారి మనసు ముందు మనవరాలి మీదికి పోయింది. ఫిన్నీ కూడానా! వాడి కళ్ళు, వాడి చెవులు పుణికిపుచ్చుకున్న ఆ పిల్ల కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఏం మిగులుతుంది?

తర్వాత మాట నిల్మిణి తెలుగులో అంది. భయపడుతూ అంది. "మీరు పిల్లల్తో ఎలా మాట్లాడేవారో నాకు నేర్పండి. నా తెలుగు దిద్దండి."

దిద్దడమంటే ఏమిటో ఆ ఇద్దరికీ తెలుసు... తెలిసే ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

మర్నాటి నుంచి అరుగు మీద పాఠాలు. "తస్సాదియ్యా అనకూడదమ్మా, క్లాసులో బూతులా ఉంటుంది." నిల్మిణి తలూపింది. ఆ మాట పోయింది. "ఎహే అనకు, ఏమ్మా అను." అదీ పోయింది. తొడ మీద చరుపు పోయింది, సాగదీత పోయింది. తను దిద్దిన ప్రతి మాటా ఆ పిల్ల మరి పలికేది కాదు. ఎంత బుద్ధిగా నేర్చుకుందో! ఒకసారి వాడిని పెట్టెలో పెట్టి మూత వేశారు, ఇప్పుడు ముక్కముక్కగా తనే పూడుస్తోంది... మనవరాలు గడప దాటకూడదని, కోడలు ఈ ఊళ్ళో తలెత్తుకు బతకాలని, కన్నతల్లి తన చేతులతోనే ఆ పని చేసింది! లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ దిద్దింది. ఒక రోజు నిల్మిణి పలకాల్సిన మాట పలక్కుండా తల దించుకుని ఉండిపోయింది. ఏమైందంటే, "ఆయన గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదండీ," అంది. పొంగుకొచ్చిన దుఃఖంతో ప్రసన్నకుమారి ఆ పిల్ల తల నిమిరింది. కానీ పాఠం ఆపలేదు.

'అమ్మోయ్' ఒక్కటి మాత్రం ఆవిడ దిద్దలేదు. నోరు రాలేదు. ఆఖరి పాఠానికి ముందు రోజు సాయంత్రం గేటు చప్పుడైంది. ప్రసన్నకుమారి వంటింట్లో నిలువునా ఆగిపోయింది.

"అత్తయ్యగారూ, తలుపు తీస్తారా అండి?"

ఎంత శుభ్రమైన తెలుగు! వంక పెట్టడానికి లేదు. ప్రసన్నకుమారి మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. అబ్రహాము గారు లేచి తలుపు తీశారు. ఆ పూట ఆయన అన్నం వద్దన్నారు.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ రత్నమాణిక్యం గారు కబురు పెట్టారు, కోడలి పాఠం చూద్దురుగాని రండని. ఆవిడా ప్రసన్నకుమారీ ఇరవై ఏళ్ళు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పినవాళ్ళు. వరండాలో కిటికీ పక్కన కుర్చీలు వేయించారు. లోపల లెక్చరరు వెనక బెంచీలో కూర్చున్నాడు. నిల్మిణి భిన్నాలు చెబుతోంది. కాగితాన్ని పూతరేకులా మడిచి, విప్పి, సగం, సగంలో సగం చూపిస్తోంది. తెలుగు తీర్చిదిద్దినట్టుంది. పిల్లలు నవ్వలేదు. అసలేమీ అనలేదు కూడా. ప్రసన్నకుమారి చెవులు రిక్కించి వింది... కొడుకు జాడ ఎక్కడా లేదు. గెలిచింది. పోగొట్టుకుంది.

రెండో బెంచీలో శ్రీదుర్గ అనే పిల్లను లేపి అడిగింది నిల్మిణి. ఆ పిల్ల నిలబడి వణుకుతోంది. సమాధానం నోటి దాకా వచ్చి ఆగినట్టు తెలుస్తూనే ఉంది. "చెప్పమ్మా, నీకు తెలుసు," అంది నిల్మిణి మర్యాదగా. లాభం లేకపోయింది. లెక్చరరు ఏదో రాసుకుంటున్నాడు. నిల్మిణి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత కొంగు దోపుకుని ఆ పిల్ల బెంచీ పక్కన చతికిలబడి, వేలి కణుపులతో బల్ల మీద టకటకమని కొట్టింది.

"తప్పైతే ఏమైపోద్దే? తప్పు గాలికి పోద్ది, ధైర్యం నీ దగ్గరుండిపోద్ది. చెప్పు, గట్టిగా చెప్పు."

శ్రీదుర్గ నవ్వేసి, "పావు టీచర్," అని అరిచినంత పని చేసింది. క్లాసంతా చేతులెత్తింది. లెక్చరరు పెన్ను పక్కన పెట్టేశాడు.

వరండాలో ప్రసన్నకుమారి కిటికీ ఊచ పట్టుకుంది. వాడే! ఆ విరుపు, బల్ల మీద ఆ దెబ్బలు! అంత దిద్దినా పోలేదు... వాడు పోలేదు... చెంగు నోట్లో కుక్కుకుని లేవబోయింది. రత్నమాణిక్యం గారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆవిడ కళ్ళు కూడా చెమర్చాయి.

"ఎన్నాళ్ళకి విన్నానండీ ఈ మాట! గోడ పక్క నుంచి రోజూ వినేదాన్ని."

"మా విజయ్ మాటండీ అది," అంది ప్రసన్నకుమారి.

"అయ్యో, వాడిదేంటండీ. మీదే కదా. పిల్లలు నోరు విప్పకపోతే మీరిలాగే అనేవారు, బల్ల మీద ఇలాగే కొట్టేవారు. మర్చిపోయారా? వాడు మీ క్లాసులోనే కదా కూర్చుంది."

ప్రసన్నకుమారికి అప్పుడు గుర్తొచ్చింది. వాడు ఐదో తరగతిలో లేచి నిలబడి గుటకలు మింగడం... పంతులమ్మ కొడుక్కి ఎక్కం రాదా అని మిగతా పిల్లలు చూడటం... తను వెళ్ళి వాడి బల్ల మీద కొట్టడం... ఇన్నాళ్ళూ ఏ గొంతుకు భయపడి తలుపులేసుకుందో, అది తన గొంతు! తను వాడికిచ్చింది, వాడు సముద్రం దాటించి ఆ పిల్లకిచ్చాడు. ఆ పిల్ల తెచ్చి మళ్ళీ ఈ గదిలోనే పెట్టింది. దాన్నా తను ఇంట్లో వినపడకూడదంది! కుర్చీలో కూలబడి, స్కూలని కూడా చూడకుండా, వెక్కివెక్కి ఏడ్చింది.

నిల్మిణి ప్యాసైందని వేరే చెప్పక్కర్లేదు. వచ్చే జూన్ నుంచి తమ స్కూల్లోనే చేరమని రత్నమాణిక్యం గారు అప్పుడే అడిగేశారు. ప్రసన్నకుమారి మాత్రం కోడలి కోసం ఆగకుండా ముందే ఇల్లు చేరింది. పులుసు పెట్టింది. ముందు గది తలుపు వేసి, దాని వెనకాలే నిలబడింది.

గేటు చప్పుడైంది.

"అత్తయ్యగారూ, తలుపు తీస్తారా అండి?"

"తియ్యను."

అవతల అడుగులు ఆగిపోయాయి. ఫిన్నీ ఏదో అడగబోతే అబ్రహాము గారు దగ్గరికి తీసుకున్నారు.

"వాడు పిలిచినట్టు పిలువు," అంది ప్రసన్నకుమారి తలుపు మీద చెయ్యి పెట్టి.

"మీకు నొప్పి కదండీ," అంది అవతల నుంచి నిల్మిణి.

"నొప్పే. పిలువు."

చిన్న దగ్గు వినపడింది. వాడిదే ఆ దగ్గు...

"అమ్మోయ్! తలుపు తియ్యవే..." సగంలోనే ఆ గొంతు ఏడుపులో కలిసిపోయింది.

తలుపు అవతల ఎవరున్నారో ప్రసన్నకుమారికి బాగా తెలుసు. ఎవరు లేరో కూడా తెలుసు. అయినా నవ్వు ముఖంతోనే గడియ తీసింది. "వస్తున్నానే," అంటూ.