నలభై ఎనిమిది సెంటీమీటర్ల జబ్బ

"కండ వదలండి," అంది జబ్బకి చుట్టిన బీపీ పట్టీ, నాలుగోసారి.

వదిలాననే అనుకున్నాడు పైడిరాజు. కానీ జబ్బ చుట్టూ ఏది బిగిసినా కండ దానంతటదే పొంగడం ముప్ఫై ఏళ్ల అలవాటు. కుర్రాళ్లు కసరత్తు చేసే తాలింఖానాలో టేపు తీశారంటే, ముందు వంద దండీలు తీసొచ్చి అప్పుడు జబ్బ చాపేవారు. అలా కొలిచిన నలభై ఎనిమిది సెంటీమీటర్లే, సముద్రం మీద తేలే రేవు గేటు బోర్డులో అతని పేరు పక్కన వెలుగుతోంది. అక్కడ అతని పని ఉక్కు తొడుగు వేసుకుని కంటైనర్లు ఎత్తడం. బరువంతా తొడుగులోని మోటార్లే మోస్తాయి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పడు.

సాయంత్రంలోగా ఇంట్లో కొలిచిన బీపీ నూట నలభైకి లోపల చూపించకపోతే తొడుగు లైసెన్సు రద్దు. ఇంట్లో పాత మెషీనేమో రెండేళ్లుగా నూట అరవై రెండు దగ్గరే కూర్చుంది.

"దాని పట్టీ మీకు చిన్నదండీ," అంది కొత్త పట్టీ తయారుచేసిన డాక్టర్ నఫీసా. "లావు చేతిలో రక్తనాళాన్ని అదమాలంటే చిన్న పట్టీకి ఎక్కువ గాలి కావాలి. ఆ ఎక్కువని కూడా మీ బీపీ కిందే చూపిస్తుంది. ఇది మీ జబ్బని కొలుచుకుని, తగినంత వెడల్పుకి సాగుతుంది."

"అయితే రెండేళ్లు ఉప్పులేని పులుసు తిన్నది ఆ పాత పట్టీ గురించేటి?" అన్నాడు పైడిరాజు.

అతని భార్య తవిటమ్మ జబ్బకున్న కొత్త పట్టీని వంగి వంగి చూసింది. "రేవు కంపెనీవోళ్లు పంపింది ఉత్తినే మంచి సెప్తాదేటి? నాకు నమ్మకం లేదు."

"చెయ్యి బల్ల మీద ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి," అంది నఫీసా.

"ఈ మనిషా?" అంది తవిటమ్మ.

నఫీసా ఆలోచించి తవిటమ్మని గోడవైపు తిప్పింది, తనూ తిరిగింది. చూసేవాళ్లు లేకపోయేసరికి కండ మెల్లగా దిగింది.

నూట ఇరవై ఎనిమిది. పైడిరాజు నవ్వబోయి ఆగాడు. కింద ఇంకో అంకె ఉంది: జబ్బ, నలభై రెండు.

"ఆరు సెంటీమీటర్లు ఎవులు తీసేసినారు?"

"ఎవరూ తియ్యలేదు," అంది నఫీసా. "కండ వదిలితే ఉన్నదింతే. జబ్బ కొలత లేకుండా రీడింగు చెల్లదు. రెండూ కలిసే రేవు బోర్డుకి వెళ్తాయి."

"బీపీ నమ్ముతాను గానీ, ఆ కొలత నమ్మను."

"పంపమంటారా?" అడిగింది పట్టీ.

అతను జబ్బ వంక చూసుకున్నాడు. ఈలోగా తవిటమ్మ పట్టీ మీద 'పంపు' నొక్కేసింది.

మర్నాడు లైసెన్సు వచ్చింది. గేటు బోర్డులో నలభై రెండూ వచ్చింది. దాని కింద తోటి తొడుగు డ్రైవర్లు చాలాసేపు నిలబడ్డారు.

వారం తర్వాత నఫీసా అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. "పదకొండుమంది డ్రైవర్లు పట్టీ వద్దన్నారు. కొలవకుండానే తమకి బీపీ ఉందని రాసిచ్చి తొడుగులు దిగిపోయారు. అందరివీ లావు చేతులే. ఏం తప్పు చేసింది నా పట్టీ?"

"మంచిదేనమ్మా," అన్నాడు పైడిరాజు, ఉప్పేసిన పులుసు కలుపుకుంటూ. "బీపీతో ఆగదు, అడక్కండానే రెండో అంకె కూడా సెప్పేస్తాది."