ర్యాంపు మీద నోటితో పిలవరు

ముందే చెబుతున్నాను, ఈ మధ్య నాకు ముందుది వెనక్కీ వెనకది ముందుకీ వెళ్ళిపోతోంది. గన్‌ఫౌండ్రీలో మా పక్క వాటా బెత్సీ, వాళ్ళాయన దేవకుమార్‌కి జరిగింది చెబుతుంటే మధ్యలో పాలు పొంగాయి, లేచి వెళ్ళాను. అక్కడేదైనా జారిపోయి ఉండొచ్చు. చివర మాత్రం మరిచిపోలేదు. మరిచిపోదామన్నా పోవడం లేదు.

నాంపల్లి స్టేషన్ వెనక, అబిడ్స్ దీపాలు కనిపించీ కనిపించనంత దూరంలో, ఒక పాత ర్యాంపు ఉందట. మిలిటరీ లారీలను రైలెక్కించేది దాని మీదుగానే. గోడల్లేని వ్యాగన్లను వరసగా నిలబెడతారు. లారీ ర్యాంపెక్కి, ఒక వ్యాగన్ మీంచి ఇంకో వ్యాగన్ మీదికి, అలా చివరిదాకా పోవాలి. ముందు ఒక మనిషి వెనక్కి నడుస్తూ "రా... రా..." అని పిలుస్తుంటాడు. ఆ గొంతును నమ్ముకుని డ్రైవరు పోనిస్తాడు.

ఒకప్పుడు చీకట్లో ఒక డ్రైవరు అలాగే పోనిచ్చి, లారీతో సహా పట్టాల మీద పడి చనిపోయాడు. పిలిచినవాడు పిల్లల మీద ఒట్టేశాడు — "నేను ఆగమన్నాను. 'ఇంకా రా' అన్నది నా గొంతే... కానీ నేను కాదు."

అప్పట్నుంచీ పొద్దు వాలాక అక్కడ ఎవరూ నోటితో పిలవరు. పిలిచినా పలకరు. మాట చెప్పాలంటే సుత్తితో ఇనుము మీద కొడతారు. దెయ్యం ఎవరి గొంతైనా తెచ్చుకుంటుంది గానీ, ఇనుము ముట్టుకోలేదని వాళ్ళ నమ్మకం.

దేవకుమార్ కాజీపేట నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. చక్రాలు, బ్రేకులు, లారీలను కట్టిన గొలుసులు చూసి అతను సరే అంటేనే రైలు కదులుతుంది. కాజీపేటలో ఒకసారి, ఏదో కాలుతున్న వాసన వస్తోందని రైలు ఆపేశాడు. చూస్తే ఏమీ లేదు. ఆనాటి నుంచి అక్కడివాళ్ళు 'పొగకుమార్' అని పిలిచేవారు. ఆ పేరు ఇంకా హైదరాబాదుకి చేరలేదు.

ఆ సాయంత్రం లారీలు కట్టే పని ముగించి మేస్త్రి ఇంటికి బయల్దేరుతూ ప్లాట్‌ఫారం మీద ఎదురయ్యాడు.

"సార్, గాడ నోరు తెరవకుండ్రి. సుత్తె ఉంది గద, గదే మాట్లాడతది."

"నాకు ప్రభువున్నాడు లేవయ్యా."

"ఉండనీ సార్. ఆయనకు గూడ ఒక సుత్తె ఇయ్యుండ్రి."

దేవకుమార్ నవ్వుకుంటూ ర్యాంపు వైపు నడిచాడు. అప్పటికే చీకటి పడింది. లారీలన్నింటికీ చక్రాలు కూడా కనబడకుండా టార్పాలిన్లు కప్పి, అడుగుదాకా తాళ్ళు బిగించి ఉన్నాయి. చక్రం మీద సుత్తితో కొట్టాడు — ఠంగ్. బాగానే ఉంది. గొలుసు మీద కొట్టాడు — ఠంగ్.

టార్పాలిన్ లోపలి నుంచి... ఠక్.

నిలబడిపోయాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఠక్.

లారీలకు కాపలాగా వెళ్ళే హవల్దారు తాతారావు, శ్రీకాకుళం మనిషి, టార్చి పట్టుకుని వచ్చాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?" దేవకుమార్ గుసగుసగా అడిగాడు.

"ఎవులుంటారండీ బాబూ? కేబిన్లకి తాళాలేసీసినాం. స్ప్రింగు సల్లబడితే అలాగే అంటాది. వేగిరం సరే అనీండి, బండి కదలడానికి లైను ఇచ్చీసినారు."

ఎందుకింత తొందర ఇతనికి? దేవకుమార్‌కి అనుమానం వచ్చింది. లారీలో ఏదైనా దొంగసరుకు ఉందా? లేక కొత్తవాణ్ణని మేస్త్రి మనుషులు ఆట పట్టిస్తున్నారా? తాళ్ళు విప్పించి, లోపల ఏమీ లేకపోతే? ఇక్కడ కూడా పొగకుమారే.

కానీ లోపల మనిషే ఉంటే? రైలు ఊపుకి లారీ స్ప్రింగుల మీద కిందికీ పైకీ ఊగుతుంది. దాని కింద ఉన్నవాడు మిగలడు.

మేస్త్రికి ఫోన్ చేశాడు.

"మీవాళ్ళంతా దిగారా?"

"ఔ సార్. మల్లేష్‌గాడు జ్వరమని ముందుగాల్నే ఇంటికి పోయిండు."

"చేరాడేమో ఫోన్ చేసి కనుక్కో."

అవతల జేబు తడుముకున్న చప్పుడు.

"వాని ఫోను చాయ్ హోటల్ల చార్జింగ్ పెట్టి మరిచిండు సార్... నా దగ్గర్నే ఉంది."

ఫోను వదిలేసి ఇంటికి పోయేవాడు ఈ రోజుల్లో ఎవడు?

"మల్లేష్!" అని గట్టిగా పిలిచాడు దేవకుమార్. "మల్లేష్!"

లోపల్నుంచి ఏ చప్పుడూ రాలేదు.

దూరంగా ఇంజను కూత వేసింది.

"సూసినారా? స్ప్రింగు కాకపోతే ఎలక," అన్నాడు తాతారావు. "మనిసైతే పలకడేటి?"

దేవకుమార్ నోరు మూసుకున్నాడు. మేస్త్రి మాట గుర్తొచ్చింది. సుత్తి ఎత్తి గొలుసు మీద రెండుసార్లు కొట్టాడు.

ఇద్దరూ టార్పాలిన్‌కి చెవి ఆనించారు.

ఠక్... ఠక్.

"మీ ఎలకకి లెక్కలొచ్చు హవల్దారు గారూ," అన్నాడు దేవకుమార్.

తాతారావు కత్తి తీసి తానే తాళ్ళు కోశాడు. టార్పాలిన్ ఎత్తి టార్చి వేస్తే, లారీ కింద చక్రాల మధ్య మల్లేష్. ఒళ్ళు కాలిపోతోంది, పెదాలు ఎండిపోయాయి, చేతిలో సుత్తి. మధ్యాహ్నం లారీ కదలకుండా చక్రాలకు చెక్కలు కొడుతూ, ఒంట్లో బాగోక ఆ నీడలోనే ఒరిగాడు. వెళ్ళిపోయాడనుకుని తోటివాళ్ళు పైన కప్పేసి బిగించేశారు.

బయటికి లాగి నీళ్ళు తాగించారు.

"సచ్చీవోడివి కదేట్రా! పిలిస్తే పలకవేటి?" కసిరాడు తాతారావు.

"సుత్తె సప్పుడు ఇనంగనే మనిషని ఎరుకైంది," అన్నాడు మల్లేష్. "గొంతునెట్ల నమ్మాలె?"

"నేను పేరు పెట్టి పిలిచాను కదయ్యా," అన్నాడు దేవకుమార్.

మల్లేష్ అతని మొహంలోకి చూశాడు.

"గందుకే పలకలే సార్. పొద్దుగూకిన సంది గీ గొంతే గద పిలుస్తున్నది... 'మల్లేషూ, పండుకో... బండి కదిలినంక లేపుతా' అని."

దేవకుమార్ ఆ లైనులోకి అడుగుపెట్టిందే చీకటి పడ్డాక. మల్లేష్ అన్న పేరు మొదటిసారి విన్నదీ ఆ తరవాత, మేస్త్రి ఫోన్లోనే.

దివ్యశ్రీ, నా తల్లి, నేను చెబుతుంటే ఇదంతా రాసుకున్నావు కదా, బెత్సీకి ఒకసారి ఫోన్ చేసి పేర్లు సరిచూడు. తాతారావో తాతబ్బాయో, అది ఎలా ఉన్నా ఫరవాలేదు. ఆ కుర్రాడు మల్లేషేనా, మహేషా, అది మాత్రం గట్టిగా కనుక్కో. ఆ గొంతు పిలిచింది ఆ పేరుతోనే.