మూడో పట్టీ

తెల్లారేసరికి వాన వెలిసింది. ఆకాశం మాత్రం తేటపడలేదు. నీలమో బూడిదో తేల్చుకోలేనట్టు మబ్బు పట్టి ఉంది.

గదిలో గోడ మీదా ఆ రంగే. పక్కపక్కన పూసిన మూడు పట్టీలు. వాటి కింద ఇంటి యజమాని శవం. సుత్తితో ఏడు దెబ్బలు. ముఖం ముఖంలా లేదు. నెత్తురు సీలింగ్ దాకా చిమ్మింది.

సుత్తి పెయింటర్‌ది. బేడీలూ అతనికే పడ్డాయి.

"ఏడున్నరకి మూడు శాంపిళ్లు పూశానయ్యా. ఆరాక చూసి ఒకటి ఎంచుకోండని చెప్పి, పుట్టీ కోసం షాపుకెళ్లా. తెరవలేదు. మెట్ల మీద కూర్చుని కూర్చుని తొమ్మిదికి తిరిగొచ్చా."

"చూసినవాళ్లు?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఎవరూ లేరు."

చావు ఎనిమిదిన్నర తర్వాతే అని డాక్టర్ తేల్చాడు. ఇన్‌స్పెక్టర్ గోడనే చూస్తున్నాడు.

గుమ్మంలో యజమాని బావమరిది. లోపల గోడకి చేరగిలబడి అతని అక్క, యజమాని భార్య.

"మీరెప్పుడొచ్చారు?"

"పెయింటర్ అటు వెళ్లాడు, నేనిటు వచ్చా. ఏడూ నలభై. ఐదు నిమిషాలున్నా, అంతే. మళ్లీ రాలేదు."

"ఏం మాట్లాడుకున్నారు?"

"రంగు సంగతే. బావకి మూడోది నచ్చింది. మరీ ముదురు, గది గుహలా ఉంటుందన్నా."

"అదే ముదురా?"

"కళ్లున్నవాడికి కనపడటం లేదా?"

ఇన్‌స్పెక్టర్ పెయింటర్ బేడీలు తీయించాడు.

"మూడో డబ్బా తెరువు. ఆ పట్టీ పక్కనే పూయి."

పెయింటర్ పూశాడు. కొత్త పట్టీ మొదటిదానికన్నా లేతగా తేలింది.

"ఇది వేరే రంగు," అంది అక్క. పొద్దుట్నుంచీ అదే ఆమె మొదటి మాట.

"అదే డబ్బా అమ్మా. ఆరితేనే ముదురుతుంది. ఈ చెమ్మకి గంట పడుతుంది," అన్నాడు పెయింటర్.

ఇన్‌స్పెక్టర్ బావమరిది వైపు తల తిప్పాడు. "మా ఇంట్లో తడి మీద చూసి రంగు ఎంచి, మూడేళ్లుగా ఇల్లాలి చేత చీవాట్లు తింటున్నా. ఏడూ నలభైకి ఇంకా తడిగా, లేతగా ఉన్న పట్టీ, మీకు ముదురుగా ఎలా కనిపించింది?"

బావమరిది చటుక్కున గోడ గీకే రేకు అందుకుని పెయింటర్ గొంతు మీదికి దూకాడు. గురి తప్పి చెంప చీలింది. ఇన్‌స్పెక్టర్ ఆ మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎముక ఫట్‌మంది.

"మా నాన్నింట్లో నేను పుట్టిన గది!" నేల మీద పొర్లుతూ అరిచాడు. "నన్ను బయటికి గెంటి, నా గదికి రంగేస్తాడా?"

"గెంటమన్నది నేనురా," అంది అక్క.

మధ్యాహ్నం. స్టేషన్ వరండా. చెంపకి ఆరు కుట్లతో పెయింటర్ పొద్దున తెచ్చుకున్న క్యారేజీ విప్పాడు. సగం మూతలో పెట్టి ఇన్‌స్పెక్టర్ ముందుకు తోశాడు.

ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు. పెయింటర్ ఒక్క దవడతోనే నమిలాడు.