పాట ఆగిన రెండు సెకన్లు

స్కూలు కంప్యూటర్ గదిలో పూజిత మౌస్ మళ్లీ నొక్కింది. కుర్చీ చివర కూర్చుని కాలు ఊపుతూనే ఉంది.

నాలుగింటికి ఇక్కడే ప్రదర్శన. ఈ బెంగాలీ ఊళ్లోని గార్డెన్ రీచ్ ఓడల డాక్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన బైరాగి తాత కూడా వస్తాడు. అప్పట్లో బరువులు లాగేటప్పుడు పాడిన పాటను పూజిత ఆయనచేత మళ్లీ పాడించి, ఫోన్లో రికార్డు చేసి, ముక్కలు చేసి కంప్యూటర్లో పెట్టింది. పాటకు తగ్గట్టు, తను గీసిన పడవ బొమ్మ తెర మీద ఒడ్డెక్కాలి. ఆ ప్రోగ్రామ్ రాసింది తనే.

ప్రతి ముక్క తర్వాత ‘రెండు సెకన్లు ఆగు’ అనే బ్లాక్ పెట్టమంది సమీర మిస్. ఊరికే ఆగడం ఎందుకని పూజిత పొద్దున వాటన్నిటినీ తీసేసింది.

ఇప్పుడు పాట ఊపిరాడకుండా పరుగెత్తింది. పడవ కప్పలా గెంతుకుంటూ ఒడ్డెక్కేసింది.

“మీ తాతని కుక్క తరిమిందేటి?” అన్నాడు పక్క కంప్యూటర్ దగ్గరున్న జెఫ్రీ.

“నీ పని సూసుకో. కంప్యూటరే బాగోనేదు.”

అంతలో గుమ్మంలో తాత కనిపించాడు. “టిఫిన్ డబ్బా మర్సిపోనావే. ఏదీ, నా పాట ఇనిపించు.”

పూజిత కదల్లేదు. జెఫ్రీయే చెయ్యి చాచి మౌస్ నొక్కేశాడు.

తాత చివరిదాకా విన్నాడు. “గొంతు నాదే. పాట నాది కాదమ్మా.”

“ఒక్క మాట తీయనేదు తాతా.”

“మరి బరువెప్పుడు లాగుతారు?”

“నువ్వు పాడినప్పుడే గదా?”

తాత భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస తను పట్టుకున్నాడు. రెండో కొస పిల్లలిద్దరికీ ఇచ్చాడు. లాగమని, ముందు ఆపకుండా పాడాడు. ఒకరు లాగినప్పుడు ఇంకొకరు లాగలేదు. తాత కదల్లేదు.

రెండోసారి “హైలెస్సా” అని నోరు మూసుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ ఒక్కసారే లాగారు. తాత తూలి ఒక అడుగు ముందుకొచ్చాడు.

“నాను ఊరుకున్నప్పుడే బరువు కదుల్తాది,” అన్నాడు నవ్వుతూ.

పూజిత టిఫిన్ తెరవలేదు. బ్లాకులన్నీ తిరిగి పెట్టింది. ఆగిన రెండు సెకన్లలోనే పడవ మెల్లగా జరిగేలా మార్చింది.

నాలుగింటికి గది నిండిపోయింది. కంప్యూటర్లోంచి తాత గొంతు పలికి ఆగింది. పూజిత వేలు మౌస్ వైపు వెళ్లబోయింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

“ఆగిపోయిందా దీదీ?” ముందు వరసలో ఒక చిన్నపిల్ల బెంగాలీలో అడిగింది.

“ఉండు,” అని గుసగుసగా చెప్పింది పూజిత. “లాగుతున్నారు.”

తెర మీద పడవ ఒక అడుగు పైకి జరిగింది.