ఏడో నుయ్యి

చీపురుపల్లి అవతల మా ఊరి గోగుచేల మధ్యన ఒక పాడునుయ్యి ఉండీది. ఎప్పుడో ఓ బాలింత బిడ్డతో సహా అందులో పడి చచ్చిపోయిందట. పొద్దుగూకితే ఆ పక్కకి మనిషన్నవాడు పోడు. మా గంగులు మావ పోయేడు... ఎందుకు పోయేడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతాది.

అరవయ్యేడు వేసవి. మావ పెంచుకున్న నల్లకుక్కే ఆయన పిక్క పట్టుకుని పీకేసింది. పిచ్చెక్కింది, కనపడితే కొట్టి చంపండని ఊరంతా చెప్పేడు. ఆరేళ్లు ఆయన కళ్లం కాసిన కుక్క! కుర్రాళ్లు కర్రలు పట్టుకుని వెతికేరు. కుక్క జాడ లేదు, అది ఈనిన పిల్లలూ లేవు. పిల్లల్ని అదే తినేసిందన్నాడు, సిగ్గులేని మనిషి.

ఆ రాత్రి నుంచే నూతిలో ఏడుపు మొదలైంది. సన్నగా... పసిబిడ్డ ఏడ్చినట్టు.

కుక్క కరిచినోడు ఏడు నూతుల్లోకి తొంగిచూస్తే విషం దిగుతాదని మా వైపు నమ్మకం. ఊళ్లో మంచి నూతులు ఆరే. ఏడోది ఆ పాడునుయ్యే. ఆరూ చూసేడు గాని దానికి మాత్రం రానన్నాడు మావ. దెయ్యమంటే భయమనుకుంది మా అత్త లక్ష్మణమ్మ. మొగుడెక్కడ పిచ్చెత్తి చస్తాడోనని ఆవిడ బెంగ. మూడోనాడు చీకటిపడే వేళ, దెయ్యం లోపలికి లాగేస్తే పట్టుకోడానికని మావ నడుముకి తాడు కట్టి, లాంతరుతో బయల్దేరదీసింది.

వీళ్లు దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"తొంగి సూడు బావా... ఒక్కసారే," అంది గుసగుసగా.

మావ కళ్లు మూసుకున్నాడు.

అత్తే లాంతరు లోపలికి చాపింది. పూడిపోయిన నుయ్యి, నీళ్లు లేవు... అడుగున రెండు కళ్లు మెరిసేయి.

నల్లకుక్క! ఎముకలు తేలిపోయి, పిల్లలకి పాలిస్తోంది. పక్కన పళ్లతో చింపిన గోనెసంచి. దానికి ఎర్రదారంతో మాసిక వేసింది మా అత్తే.

పిల్లలు కుయ్యికుయ్యిమంటే నిద్ర పట్టలేదట మా మావ దొరగారికి. పిల్లల్ని సంచిలో కట్టి తెచ్చి విసిరేసేడు. అడ్డం పడ్డ తల్లి ఆయన్ని కరిచి, వాటి వెనకే దూకేసింది.

అత్త మావ జుట్టు పట్టుకుని నూతిలోకి వంచి, కళ్లు తెరిచేదాకా వదల్లేదు. తర్వాత తాడు రెండో కొస తాటిచెట్టు మొదలుకి కట్టింది.

"దిగు. అన్నిట్నీ పైకి తే."

"కరుస్తాదే..."

"కరవనీ బావా. ఏడో నుయ్యి సూసేసేవు కదా."