గుట్టింటి పిల్ల

“మ్యూనిక్ స్టేషన్. నాలుగూ పదికి రైలు. తూర్పు నుంచి పారిపోయి వచ్చిన సైంటిస్టును ఆదివారం అందులో పంపుతున్నాం,” అన్నాడు చీఫ్ ఎకార్ట్. “ఇలా పంపిన ఇద్దరు శవాలై దిగారు. ఈ ఫైలు తెలిసింది ముగ్గురికే. నాకు, నీకు, టైపు చేసిన వాల్‌బుర్గా మోజర్‌కు.”

ఏజెంట్ కోర్బినియన్ లైట్నర్ ఫైల్లోంచి తలెత్తాడు. వాల్‌బుర్గా అతను పెళ్లాడబోయే మనిషి.

“ఆమె తప్పు లేదని తేలితే నాకూ సంతోషమే. తేలకపోతే రైలు కదిలేలోగా ఫోన్ చెయ్యి. కోడ్, గడ్డి తడిసింది.”

ఆదివారం చర్చి పండగ. ఏడేళ్లప్పుడు వదిలి వచ్చానని వాల్‌బుర్గా చెప్పే కొండపల్లెకే ఆమెను తీసుకెళ్లాడు. ఎర్ర స్కార్ఫు, నల్లకళ్లద్దాలతో ఆమె లోపలికి రాగానే హోటల్లో మాటలాగిపోయాయి. హోటలు ముసలమ్మ బాతు వేపుడు తెచ్చి పెట్టింది.

“ఏ ఇంటి పిల్లవే నువ్వు?”

“మోజర్ల పిల్లనండీ. అలోయిస్ కూతుర్ని.”

“మోజర్లు ఇక్కడ అయిదిళ్లున్నారు తల్లీ. ఇల్లు చెప్పు.”

మోజర్ అన్న పేరుకు అర్థం బురదనేల వాళ్లని. ఆమె ఆ అర్థాన్నే పట్టుకుని, “ఆ బురదనేల పక్కిల్లు,” అంది.

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. అలోయిస్ తాతలనాడే వాళ్లు బురద వదిలి గుట్టెక్కారు. ఊరంతా వాళ్లను గుట్టింటి వాళ్లనే పిలిచేది. ఈ కొండల్లో కాగితం మీది పేరు పోస్ట్‌మ్యాన్ కోసం. మనుషులకు ఇంటి పిలుపే పేరు. ఏడేళ్ల పిల్లకు అది తెలియకపోవడం ఉండదు. పక్క లోయలో పుట్టిన కోర్బినియన్‌కు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నాలుగూ తొమ్మిదికి ఫోన్ కలిసింది.

“గడ్డి తడిసింది.”

మెట్టు మీద కాలు పెట్టిన సైంటిస్టును వెనక్కి లాగారు. అతని సీటు కింద బాంబు దొరికింది.

కోర్బినియన్ బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. ఆమె బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి ఇచ్చేసింది. అందులో మైక్రోఫిల్ముంది.

“నన్ను ప్రేమించడమూ డ్యూటీయేనా, బుర్గీ?”

“మొదట్లో.”

“మీ అసలు ఇంటిని ఏమని పిలిచేవాళ్లు?”

“వాగుపక్కిల్లు. బొగ్గు గని కోసం వాగు పూడ్చేశారు, ఇల్లు పడగొట్టారు. ఇప్పుడలా పిలిచేవాళ్లెవరూ లేరు.”

ఆమె తనతో చెప్పిన మొదటి నిజం అదేనేమో అనుకున్నాడు. అయినా ఆమె చేతులకు బేడీలు తనే వేశాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్. ఓ వారం సెలవు పెట్టుకో.”

“పోయిన నెలే పెట్టాను సార్,” అన్నాడు కోర్బినియన్. “పెళ్లికని.”